బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాల్నా వద్దా, ఎట్ల తేల్చుకోవాలి

మా ఆయనకి నాలుగేళ్ళ కింద బెంగళూరులో స్లీవ్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయింది. మా చిన్నమ్మ కూతురు కర్నూలులో ఉంటుంది, అదే ఆపరేషన్ కోసం హైదరాబాద్ పోయి టెస్టులన్నీ చేయించుకుని, వద్దనుకుని ఇంటికొచ్చింది. రెండు సార్లూ పక్కన కూర్చున్నది నేనే, ఫైళ్ళు మోసింది నేనే. ఇద్దరూ సరిగ్గానే తేల్చుకున్నారని ఇప్పటికీ నా నమ్మకం. ఇప్పుడు మా అనంతపురంలో తెలిసినవాళ్ళు శానా మంది "అక్కా, మాకూ చెప్పు, చేయించుకుందామా" అని ఫోన్ చేస్తున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. డాక్టర్ ముందు కూర్చునే లోపల మీరు ఇంట్లో చేసుకోవాల్సిన పని ఏముందో అది చెప్తా, ఆఖరి మాట మీ డాక్టర్‌దే, మీదే.

ఒక నోటుబుక్కు కొనండి. పిల్లలు వాడే రెండు వందల పేజీలది చాలు. దీని పని ఆఖరి దాకా ఉంటుంది.

మొదటి పని: ఇది ఎవరికి కావాలో చూసుకోండి

అందరూ బరువుతో మొదలుపెడతారు, నేనైతే ఇక్కడ మొదలుపెట్టమంటా. నోటుబుక్కులో మొదటి పేజీలో "నాకు ఆపరేషన్ ఎందుకు కావాలి" అని రాసి కింద తోచినవన్నీ రాయండి, ఎవరూ పక్కన లేనప్పుడు.

మా ఆయన రాసింది నా దగ్గర ఇంకా ఉంది. ఆయనకి మోటార్ రివైండింగ్ షాపు, బోరు మోటార్లు ఎత్తడం దించడం రోజూ ఉంటుంది. "రెండు మెట్లెక్కితే ఆయాసం. షుగర్ మాత్రలు మూడు రకాలయినాయి. రాత్రి నిద్ర లేదు, పగలు షాపులో కూర్చున్నోణ్ణి కూర్చున్నట్టే నిద్రపోతున్నా. తాడిపత్రి రోడ్డులో బండి మీద కన్ను మూతపడింది." ఇంతే రాసినాడు, ప్రతి ముక్కా ఆయన ఒంటి గురించే.

మా చెల్లెలికి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. తను ఆరు లైన్లు రాసింది, అందులో ఐదు వేరేవాళ్ళ మాటలు. ఫలానా సంబంధం వాళ్ళు ఫోటో చూసి వెనక్కి పోయినారు, పెద్దమ్మ ఫంక్షన్లో అందరి ముందరా అనింది, అమ్మ ఏడుస్తోంది, ఇట్లాంటివి. ఆరోది మాత్రమే తనది, పీరియడ్స్ సరిగ్గా రావడం లేదు అని. నేను ఆ పేజీ తనకే తిరిగి ఇచ్చి చదవమన్నా, చదివి శానాసేపు గమ్మున కూర్చుంది. పెండ్లి సంబంధం కోసం కడుపు కోయించుకోవద్దు అని నేను చెప్పలేదు, ఆ అమ్మాయికే అర్థమయింది. ఇంట్లోవాళ్ళ బాధ అబద్ధమని అనను, కానీ ఆపరేషన్ తర్వాత రోజూ మాత్రలు మింగేది, ముద్ద ముద్దా నమిలేది వాళ్ళు కాదు కదా. మీ పేజీలో కూడా ఎన్ని లైన్లు మీవో ఎన్ని వేరేవాళ్ళవో లెక్క పెట్టుకోండి. వేరేవాళ్ళవే ఎక్కువుంటే మూడు నెలలు ఆగి మళ్ళీ రాయండి, ఏం కొంప మునగదు.

బీఎంఐ లెక్క వేసుకోవడం

బీఎంఐ అంటే మన ఎత్తుకి బరువు ఎంత ఎక్కువుందో చెప్పే నంబరు. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో తీసుకోండి. ఎత్తుని ఎత్తుతోనే గుణించి, వచ్చినదాంతో బరువుని భాగించండి. మా ఆయన 118 కిలోలు, ఎత్తు 1.70 మీటర్లు. 1.70ని 1.70తో గుణిస్తే 2.89, 118ని దాంతో భాగిస్తే 40.8. మా చెల్లెలు 84 కిలోలు, 1.58 మీటర్లు, లెక్క వేస్తే 33.6 వచ్చింది. అడుగులు అంగుళాల్లో తెలిస్తే మొత్తం అంగుళాల్ని 2.54తో గుణించండి, సెంటీమీటర్లు వస్తాయి, దాన్ని వందతో భాగిస్తే మీటర్లు. ఎత్తు ఊహించి రాయొద్దు, గోడకి ఆనుకుని నిలబడి కొలవండి.

ఇంగ ఈ నంబరు ఏం చెప్తుంది అంటే, 1991లో అమెరికాలో పెట్టిన రూలు ప్రకారం 40 దాటితే, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటివి ఉంటే ఆపరేషన్ ఆలోచించొచ్చు అనేవాళ్ళు. 2022లో ప్రపంచంలో ఈ సర్జన్ల రెండు పెద్ద సంఘాలు కలిసి దాన్ని మార్చినాయి, ఇప్పుడు 35 దాటితే జబ్బులు ఉన్నా లేకపోయినా సలహా ఇవ్వొచ్చు, 30 నుంచి 35 మధ్యలో ఉండి షుగర్ లాంటి జబ్బులు ఉంటే ఆలోచించొచ్చు అన్నారు. మనలాంటి ఆసియా వాళ్ళకి 27.5 నుంచే ఆలోచించొచ్చు అని కూడా అందులోనే ఉంది, ఏమంటే మనకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి షుగర్ వస్తుంది. అందుకే నడుము కూడా కొలవండి, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడాల్సిందే.

ఈ లెక్కలో మా చెల్లెలికి కూడా అర్హత ఉంది. అర్హత ఉండటం వేరు, అవసరం ఉండటం వేరు. కొన్ని చోట్ల ఆ 27.5 మాట పట్టుకుని అందరినీ టేబుల్ మీదికి పిలుస్తున్నారు, నాకు అది అసలు నచ్చలేదు.

బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

థైరాయిడ్ టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీ టెస్టులు, విటమిన్ డీ, బీ12, పొట్ట స్కానింగ్, ఈసీజీ, ఎకో. ఇవన్నీ అనంతపురం, కడప, కర్నూలు ఎక్కడైనా అవుతాయి, దీనికోసం పెద్ద సిటీకి పోనక్కర్లేదు. మా చెల్లెలి థైరాయిడ్ అన్నేళ్ళుగా ఎవరూ చూడలేదు, టీఎస్‌హెచ్ ఎక్కువుందని, అంటే థైరాయిడ్ సరిగ్గా పని చేయడం లేదని అప్పుడే బయటపడింది. థైరాయిడ్ మాత్రతో ఇరవై ముప్పై కిలోలు పోవు, కొన్ని కిలోలే తగ్గుతుంది, కానీ ఒంట్లో నీరసం పోయి నడవగలిగితేనే కదా మిగతాది మొదలయ్యేది.

మీరు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి పోండి. మోకాళ్ళ నొప్పులకి, ఆయాసానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వాటిల్లో కొన్నిట్లో స్టెరాయిడ్లు ఉంటాయి, అవి బరువు పెంచుతాయి. కొన్ని మానసిక ఆరోగ్య మందులు, ఇన్సులిన్ కూడా పెంచుతాయి. తెలిసింది కదా అని మీకు మీరే ఆపేయొద్దు, స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

గురక గురించి ఒక మాట. మా ఆయన గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోయేవాడు, నేను చీకట్లో ఫోన్‌లో సెకన్లు చూస్తూ పడుకునేదాన్ని, ఒకసారి ఇరవై ఆరు సెకన్లు ఊపిరి లేదు, తర్వాత ఉలిక్కిపడి లేచినట్టు గట్టిగా పీల్చేవాడు. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్ర టెస్టు చేయిస్తే తేలిపోతుంది, ఆపరేషన్ చేయించుకున్నా చేయించుకోకపోయినా దీనికి రాత్రిళ్ళు ముక్కుకి గాలి పంపే మిషన్ పెట్టి చికిత్స చేస్తారు. మీ పక్కన పడుకునేవాళ్ళని అడగండి, మీకు మీరుగా తెలియదు.

ఆపరేషన్ కాకుండా ఉన్న దారులు నిజంగా చూసినారా

నిజంగా అని ఎందుకంటున్నా అంటే, యూట్యూబ్ చూసి పది రోజులు కీరకాయలు తినడం ప్రయత్నం కిందికి రాదు. డైటీషియన్ చూస్తుండగా ఆరు నెలలు చేసినారా అనేది ముఖ్యం. అట్ల చేసి కూడా మళ్ళీ పెరిగి ఉంటే అది మీ తప్పు కాదు, మీకు మనసు గట్టిది లేక కాదు. బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, కరువొచ్చింది అనుకుని దాచుకుంటుంది. కరువు మన సీమ వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చినాయి. 2025లో మన దేశంలోకి టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో వచ్చినాయి. పెద్ద ట్రయల్స్‌లో సెమాగ్లూటైడ్‌తో సగటున ఒంటి బరువులో నూటికి పదిహేను వంతులు దాకా, టిర్జెపటైడ్ ఎక్కువ డోసుతో ఇరవై దాకా తగ్గింది. వాంతులు, వికారం, మలబద్ధకం ఉంటాయి, ఆపేస్తే శానా మందికి బరువు తిరిగొస్తుంది, అంటే ఏళ్ళ తరబడి కొనాలి. మా ఆయనప్పుడు ఇవి లేవు. ఇప్పుడైతే ముందు వీటి గురించి డాక్టర్‌తో మాట్లాడి తర్వాతే ఆపరేషన్ మాట ఎత్తేదాన్ని, ముఖ్యంగా బీఎంఐ 35 లోపల ఉన్నవాళ్ళకి. మెడికల్ షాపులో తెలిసినాయన ఇస్తున్నాడని చీటీ లేకుండా మాత్రం వేసుకోవద్దు.

లోపల ఏం చేస్తారో తెలుసుకోండి

స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతుకి పైనే కోసి బయటికి తీసేస్తారు, అరటికాయ అంత సన్నటి గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే తయారవుతుంది, కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. ఒకసారి తీసినాక తిరిగి పెట్టేది లేదు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి చేసి దాన్ని కింద పేగుకి కలుపుతారు, తిండి కొంత దూరం పేగుని తాకకుండానే పోతుంది. మినీ బైపాస్ అనేదీ ఇట్లాంటిదే, ఒకే చోట కలుపుతారు. బెలూన్ అనేది ఆపరేషన్ కాదు, నోట్లోంచి పంపి కొన్ని నెలలకి తీసేస్తారు, తీసినాక బరువు తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ.

స్లీవ్‌తో ఒకటి రెండేళ్ళలో మొత్తం బరువులో పావు వంతు, బైపాస్‌తో ఇంకొంచెం ఎక్కువ, దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. షుగర్ ఈమధ్యనే వచ్చి ఇంకా ఇన్సులిన్ దాకా పోనివాళ్ళకి మందులు ఆగిపోయే అవకాశం బాగా ఉంటుంది, పదిహేనేళ్ళ షుగర్ అయితే అంత ఆశ పెట్టుకోవద్దు.

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు మీకు ముందే ఎక్కువుంటే గట్టిగా చెప్పండి, ఏమంటే స్లీవ్ తర్వాత అది శానా మందికి పెరుగుతుంది, అట్లాంటోళ్ళకి బైపాస్ మేలంటారు. ఎండోస్కోపీ ముందే చేయించాలి. ఎర్రకారం దోసె, పచ్చిమిరప బజ్జీ తినే మన కడుపుల సంగతి మనకి తెలిసిందే.

నష్టాలు ఒక పేజీ నిండా రాయండి

ప్రాణం పోయే అవకాశం మంచి సెంటర్లో సుమారు వెయ్యి మందిలో ఒకరికి. కుట్టు దగ్గర లీకయ్యేది నూటికి ఒకరికి అటూ ఇటూ, రక్తం కారడం, కాళ్ళలో గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఉన్నాయి. పిత్తాశయం ఆపరేషన్ మాదిరే అని తేలిగ్గా చెప్పేవాళ్ళు ఉన్నారు, ఆ లెక్క ఒకరకంగా నిజమే, కానీ ఆ వెయ్యిలో ఒకరు ఎవరింట్లో మనిషో వాళ్ళకి వెయ్యి లెక్క కాదు కదా. ఇది ఇంట్లో అందరూ విని ఒప్పుకోవాలి.

ఆ మొదటి నెల దాటినాక వచ్చేవి వేరే. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, శానా మందికి ఏడాది లోపల తిరిగొస్తుంది. చర్మం వేలాడుతుంది. తొందరగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పడొచ్చు. ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు జీవితాంతం, ఏడాదికోసారి రక్త పరీక్ష జీవితాంతం. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. బైపాస్ అయినోళ్ళు ఓళిగ తింటే గుండె దడ, చెమటలు, విరేచనాలు వస్తాయి, డంపింగ్ అంటారు. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ తర్వాత పుండు చేస్తాయి, మోకాళ్ళకి రోజూ అవే మింగే అలవాటున్నోళ్ళు ఇది ముందే ఆలోచించాలి. బీడీ, సిగరెట్, గుట్కా కూడా అంతే, కనీసం ఆరు వారాల ముందు ఆపాలి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టకూడదు. మందు తాగేవాళ్ళకి బైపాస్ తర్వాత తొందరగా, గట్టిగా ఎక్కుతుంది, కొందరికి అదే కొత్త వ్యసనమవుతుంది.

బరువు కొంత తిరిగి రావడం కూడా నష్టాల పేజీలోనే రాయండి. మా ఆయన 118 నుంచి ఏడాదిన్నరకి 86కి వచ్చినాడు, ఇప్పుడు 91. ఎనభై ఆరు కనిపించిన రోజు ఫోటో తీసుకున్నాము, ఇప్పుడు ఆ ఫోటో చూసి ఆయన దిగులు పడతాడు, నేను ఊరుకోను. షుగర్ మాత్ర ఒక్కటే ఉంది, రాత్రి మిషన్ లేకుండా పడుకుంటున్నాడు, నాకు అది చాలు.

మంచివైపు కూడా ఒక మాట రాయండి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా, ఆపరేషన్ చేయించుకున్నోళ్ళనీ చేయించుకోనోళ్ళనీ ఏళ్ళ తరబడి చూసినారు, చేయించుకున్న గుంపులో మరణాలు తక్కువ అని తేలింది. అంటే అవసరమున్న మనిషికి చేయించుకోకపోవడంలోనూ రిస్కు ఉంది.

రెండు వారాలు ఆపరేషన్ అయినట్టే బతికి చూడండి

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, మాకు ఎవరూ చెప్పలేదు, మేమే చేసినాము. కానీ ముందు ఒక జాగ్రత్త, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా తిండి తగ్గించొద్దు, షుగర్ పడిపోతుంది. నేను చెప్పేది తిండి కొలత గురించి కూడా కాదు, తినే తీరు గురించి.

ప్రతి పూటా ఇరవై ఐదు నిమిషాలు పట్టేట్టు తినండి, ముద్ద నోట్లో నీళ్ళయ్యే దాకా నమలండి. తినేటప్పుడు, తిన్నాక అరగంట దాకా నీళ్ళు తాగొద్దు. కూల్ డ్రింకు, సోడా బంద్. పళ్ళెంలో ముందు గుడ్డో పప్పో చికెనో తినాలి, బువ్వ ఆఖర్న. రోజూ కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పడాలి, గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, అంటే పది గుడ్లకి సమానం, శాకాహారులైతే పెరుగు, పనీర్, పెసలు, ఉలవలు, సోయాతో ఎట్ల నింపుతారో రాసి చూడండి, మీకే తెలుస్తుంది ఎంత కష్టమో. నాలుగు మాత్రలు రోజూ వాటి వాటి టైముకి తప్పకుండా వేసుకున్నట్టు టిక్కు పెట్టుకోండి. వేసుకోవాల్సిన మాత్రలు లేకుంటే ఉత్త టిక్కు పెట్టినా చాలు, ఆ టైము గుర్తుంటుందా లేదా అనేదే చూడాల్సింది.

ఎప్పుడు ఏం తిన్నారు, అప్పుడు మనసెట్లా ఉండింది అని కూడా రాయండి. మా చెల్లెలు రాసింది చూస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా ఏమీ ఉండదు, రాత్రి పదకొండుకి బొరుగులు, పదకొండున్నరకి మిక్చర్, పన్నెండుకి బిస్కెట్లు, పక్కన "ఫోన్‌లో అమ్మతో గొడవ". ఆకలితో తినేది ఒకటి, ఏడుపుతో తినేది ఒకటి. రెండోది కడుపు చిన్నది చేస్తే పోదు. ఇట్లాంటిది మీ పుస్తకంలో కనబడితే సైకాలజిస్ట్ దగ్గర కూర్చోవడం ఆపరేషన్ కన్నా ముందు పని, మంచి ఆసుపత్రుల్లో ఎట్లాగూ మానసిక పరీక్ష లేకుండా ఆపరేషన్ చేయరు. అక్కడ నిజం చెప్పండి, అది పాసయ్యే పరీక్ష కాదు.

ఆపరేషన్ తర్వాత ఎట్లుంటుందో రొంత చెప్తా. మొదటి రెండు వారాలు నీళ్ళలాంటివే, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి, తర్వాత మెత్తటి తిండి. ఐదో వారంలో మా ఆయనకి మొదటి ఇడ్లీ పెట్టినా. ఒక్క ఇడ్లీ, చెంచాతో చిదిపి, పల్చటి పప్పుతో. సగం తినేసరికి చెంచా పళ్ళెంలో పెట్టి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఇంగ దిగలేదు. అరగంట పట్టింది ఆ సగానికి. అదే మనిషి అంతకుముందు మాపటేళ రెండు సంగటి ముద్దలు నాటుకోడి పులుసుతో తిని ఇంకా ఉందా అని అడిగేవాడు. సంగటి ఆయనకి ఏడాది దాకా దిగలేదు, ఉగ్గాని తట్ట ముందు పెట్టుకుని నాలుగు చెంచాలు తిని పక్కన పెట్టేవాడు. ధర్మవరంలో పెండ్లికి పోతే పంక్తిలో కూర్చోవాలంటే సిగ్గుపడినాడు, వడ్డించేవాళ్ళు "ఏమప్పా, ఏమీ తినవు" అని ఒకటే పనిగా అడుగుతారు కదా. ఇది రెండు మూడేళ్ళ పాటు మీ ఇంట్లో నడిచే విషయం, దీనికి వంట చేసేవాళ్ళు కూడా సిద్ధంగా ఉండాలి. మా అత్త ఆర్నెల్లు "బిడ్డకి తిండి పెట్టడం లేదు" అని నా మీదే కోపంగా ఉండింది, ఆమెని కూడా ఒకసారి డైటీషియన్ దగ్గరికి తీసుకపోయినాకే ఊరుకుంది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని ముందే తీసుకపోండి.

దుడ్ల లెక్క

ఆపరేషన్ ఖర్చు ఊరిని బట్టి ఆసుపత్రిని బట్టి సుమారు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటుంది. దాని మీద ముందు టెస్టులు, ప్రోటీన్ పౌడర్, మాత్రలు, ప్రతి ఏడాదీ రక్త పరీక్షలు, రానూపోనూ ఖర్చు. ఆపరేషన్‌కి అప్పు చేసి తర్వాత మాత్రలకి లేక ఆపేస్తే ఒళ్ళు గుల్లవుతుంది, కాబట్టి ఐదేళ్ళ మాత్రల ఖర్చు కూడా కలిపి చూసుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి, ఇన్సూరెన్స్ కంపెనీలకి రూళ్ళు పెట్టే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అందరికీ ఒకే రకంగా రాసిన షరతు ఉంది. వయసు 18 నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి, లేదా 35 గానీ ఆపైన గానీ ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటివి ఉండాలి, అట్లుంటే బరువు ఆపరేషన్ అని చెప్పి కొట్టిపారేయకూడదు. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక ఇది వర్తించేదాకా ఆగాల్సిన కాలం, మాత్రం పాలసీని బట్టి ఉంటుంది. మాకు ఇంకో ఏడు నెలలు ఉండింది, ఆగినాము. ఆ ఏడు నెలల్లోనే ఈ పుస్తకం పని అంతా అయింది, ఆయన గుట్కా మానింది కూడా అప్పుడే. బాండు కాగితం తీసి చదవండి, ఏజెంటు నోటిమాట మీద పోవద్దు. ప్రభుత్వ పథకంలో వస్తుందా అనేది నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి అడగండి.

డాక్టర్‌ని, ఆసుపత్రిని అడగాల్సినవి

నాకు ఏ ఆపరేషన్ చెప్తున్నారు, ఎందుకు అదే. మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, లీక్ ఎంతమందికి అయింది, అయితే ఏం చేసినారు, ఆ ఖర్చు ఎవరిది. రెండో ఏడాది, ఐదో ఏడాది నన్ను చూసేది ఎవరు, డైటీషియన్ ఇక్కడే ఉంటారా. ఇవి అడిగితే విసుక్కునే డాక్టర్ దగ్గర చేయించుకోవద్దు.

మీ దగ్గర చేయించుకుని నాలుగేళ్ళయిన వాళ్ళతో మాట్లాడించండి అని అడగండి. వాళ్ళు చూపించేది ఆరు నెలల వాళ్ళని, అప్పుడు అందరూ సంతోషంగానే ఉంటారు, బట్టలు వదులవుతుంటాయి, ఫోటోలు బాగుంటాయి. నాలుగో ఏడాది మనిషి చెప్పేదే మీకు కావాలి.

మా చెల్లెలు టెస్టులు చేయించుకున్న చోటి నుంచి వారం రోజులు వరసగా ఫోన్లు వచ్చినాయి, ఈ శుక్రవారం లోపల అడ్వాన్స్ కడితే యాభై వేలు తగ్గిస్తాం అని. పండగ డిస్కౌంట్‌లో కొనడానికి ఇదేమైనా చీరా. తారీఖు పెట్టి తొందర పెడితే ఆ నంబరు బ్లాక్ చేయండి, వేరే సర్జన్ దగ్గర రెండో మాట తీసుకోండి. దానికయ్యే కన్సల్టేషన్ ఫీజు ఎక్కువేం కాదు.

దూరం

ఇది మన జిల్లాల వాళ్ళు మరిచిపోతారు. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్, రెండూ రెండొందల కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటాయి. ఆసుపత్రిలో రెండు మూడు రోజులే ఉంచుతారు, లీక్ అయితే అది ఇంటికొచ్చినాక కూడా బయటపడొచ్చు. మేము ఆసుపత్రి దగ్గర్లో చిన్న రూము తీసుకుని పన్నెండు రోజులు ఉన్నాము, అందరూ అనవసరం ఖర్చు అన్నారు, నేను మళ్ళీ చేయాల్సొచ్చినా అదే చేస్తా. ఇంటికొచ్చినాక కూడా జ్వరం, తగ్గని కడుపు నొప్పి, ఎడమ భుజం నొప్పి, కూర్చున్నా గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకోవడం, ఆయాసం, పిక్క వాయడం, ఆగని వాంతులు వస్తే తెల్లారేదాకా చూడొద్దు. దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి పోయి డిశ్చార్జి కాగితం చూపించండి, అక్కడి నుంచే మీ సర్జన్‌కి ఫోన్ కలపండి. అర్ధరాత్రి ఏ నంబరుకి చేయాలి, ఎవరి కారు, ఎవరు తోడు అనేది ముందే పుస్తకంలో రాసిపెట్టుకోండి. రాయలేకపోతే ఇంకా తేదీ తీసుకోవద్దు. బరువులు నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు కాబట్టి మా ఆయన షాపుకి ఒక పిల్లోణ్ణి నెలన్నర పెట్టుకున్నాము, పొలం పని, దుకాణం పని ఉన్నోళ్ళు సీజన్ చూసుకోండి.

ఆడవాళ్ళు అదనంగా చూసుకోవాల్సింది

ఆపరేషన్ తర్వాత పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు గర్భం రాకూడదు, బరువు తగ్గేకొద్దీ పీరియడ్స్ సరయి గర్భం తొందరగా నిలుస్తుంది కూడా, పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నోళ్ళకి మరీ. బైపాస్ తర్వాత గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి డాక్టర్‌ని అడగాలి. మా చెల్లెలికి ఈ ముక్క తెలిసినాక లెక్క మొత్తం మారిపోయింది. పెండ్లి అయిన వెంటనే పిల్లలు అనే ఇంట్లోకి పోతూ ఏడాదిన్నర ఆగమని ఎవరికి చెప్పగలదు.

ఆఖరి పేజీ

ఇవన్నీ అయినాక మొదటి పేజీ తిప్పి చదవండి. మీ కారణాలు ఇంకా అవేనా, మీవేనా. రెండు వారాల పుస్తకంలో కనీసం పది రోజులు నిలబడినారా. మాత్రలకి, చెకప్‌లకి ఐదేళ్ళు దుడ్లు, తోడు ఉన్నాయా. బీఎంఐ, జబ్బులు చూసి ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెప్పినారా. అన్నిటికీ అవును వస్తే తేదీ తీసుకోండి, ఎవరేమన్నా వినిపించుకోవద్దు, ఆపరేషన్ చేయించుకోవడం సోమరితనం అనేవాళ్ళు మా ఆయన ఇడ్లీ తిన్న అరగంట చూసినోళ్ళు కాదు. ఒక్కటి కుదరకపోయినా దానికొక్కదానికి పని చేయండి, ఆపరేషన్ ఎక్కడికీ పోదు.

వద్దు అని తేలినా ఫైలు పారేయొద్దు. మా చెల్లెలు థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, వారానికోసారి సైకాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది, పొద్దున ఎనిమిదికి రెండు గుడ్లు, జొన్నరొట్టె తినడం మొదలుపెట్టినాక రాత్రి బొరుగుల డబ్బా తెరవడం తగ్గింది. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గింది, పీరియడ్స్ వస్తున్నాయి. ప్రతి ఆరు నెలలకీ హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, నడుము కొలత పుస్తకంలో ఎక్కిస్తుంది. షుగర్ గనక మొదలైతే మళ్ళీ మొదటి పేజీ నుంచి రాద్దామక్కా అని చెప్పింది, ఈసారి చెకప్ దసరా అయినాక ఉంది, నేను కర్నూలుకి బస్సెక్కి పోవాలి.